వయసు మళ్లాక ఎదుగుదల ఇంజెక్షన్లు: బలం వస్తుందా?

మన ఓ.పి.లో ఈమధ్య ఒక కొత్త ప్రశ్న వినబడుతోంది. అమెరికాలో కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఆరు నెలలు ఉండి వచ్చిన పెద్దవాళ్లు అడుగుతున్నారు. "సిస్టరు గారూ, అక్కడ మా అబ్బాయి స్నేహితుడు రాత్రి పడుకోబోయే ముందు పొట్ట మీద చిన్న ఇంజెక్షను చేసుకుంటాడమ్మా. డాక్టరు రాసిచ్చిందే. వయసు పదేళ్లు వెనక్కి పోతుందట. నాక్కూడా మోకాళ్లలో సత్తువ లేదు, మరి నేనూ మొదలుపెట్టనా?" అని. కొందరు అడగడంతో ఆగలేదు, సీసాలు సూట్‌కేసులో పెట్టుకునే వచ్చారు. అందులో ఒకాయనకు పన్నెండేళ్లుగా షుగరు ఉంది. ఈ పాఠం రాయడానికి ముఖ్య కారణం ఆయనే.

ఆ ఇంజెక్షన్ల పేరు పెప్టైడ్ థెరపీ. సెర్మోరెలిన్ అనేది అందులో ఎక్కువగా వినబడే మందు. ఇపమోరెలిన్, సి.జె.సి. 1295 అనే పేర్లు కూడా వింటారు. ఇవేవీ నేరుగా ఎదుగుదల హార్మోను కావు. మన ఒంట్లో ఉన్న గ్రంథిని తట్టి లేపి, దానిచేత ఎదుగుదల హార్మోనును ఎక్కువగా విడుదల చేయించే మందులు. పెప్టైడు అంటే భయపడనక్కరలేదు. మాంసకృత్తులను పూసలదండ అనుకుంటే పెప్టైడు అందులో చిన్న ముక్క. మీలో చాలామంది రోజూ వేసుకునే ఇన్సులిన్ కూడా ఆ కోవలోదే. పెప్టైడు అన్నంత మాత్రాన మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఏ పెప్టైడు, ఎవరికి, ఎందుకు అన్నదే చూడాలి.

గ్రంథి ఎలా పనిచేస్తుంది?

మెదడు అడుగున, కనుబొమల మధ్య నుండి లోపలికి వెళ్తే, చిక్కుడు గింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. దానినే పీయూష గ్రంథి, పిట్యూటరీ గ్రంథి అంటారు. థైరాయిడు, అడ్రినల్ గ్రంథులు, స్త్రీలలో అండాశయాలు, వీటన్నిటికీ ఆజ్ఞలు వెళ్లేది ఇక్కడి నుండే. పిల్లలు పొడవు పెరగడానికి కావలసిన ఎదుగుదల హార్మోను తయారయ్యేదీ ఇక్కడే.

ఈ గ్రంథికి పైన మెదడులో హైపోథాలమస్ అనే భాగం ఉంది. అక్కడి నుండి రెండు సంకేతాలు వస్తాయి. ఒకటి "వదులు" అని, రెండోది "ఆపు" అని. వదలమని చెప్పే సంకేతంలో 44 పూసలుంటాయి. అందులో మొదటి 29 పూసలే అసలు పని చేస్తాయని తెలిశాక, ఆ 29 పూసలను ప్రయోగశాలలో కూర్చి తయారుచేసినదే సెర్మోరెలిన్. ఇపమోరెలిన్ వంటివి మరో దారిన వస్తాయి. ఆకలి వేసినప్పుడు మన పొట్టలో తయారయ్యే గ్రెలిన్ అనే హార్మోనును అనుకరించి అదే గ్రంథిని తడతాయి. ఆ గ్రెలిన్‌ను 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

ఎదుగుదల హార్మోను రోజంతా ఒకే తీరున రాదు. అలలు అలలుగా వస్తుంది. వాటిలో పెద్ద అల రాత్రి మొదటి గాఢనిద్రలో వస్తుంది. ఆ ఇంజెక్షను పడుకునే ముందు చేసుకోమనడం ఇందుకే. అల వచ్చి పోయిన తరువాత రక్తం తీస్తే మంచి ఆరోగ్యవంతుడికి కూడా దాదాపు సున్నా చూపిస్తుంది. కాబట్టి "ఎదుగుదల హార్మోను ఒక్కసారి పరీక్ష చేయించాను, తక్కువ వచ్చింది" అని ఎవరైనా కాగితం చూపిస్తే దాన్నిబట్టి ఏమీ చెప్పలేము. లోపం ఉందో లేదో తేల్చడానికి గ్రంథిని మందుతో ప్రేరేపించి, గంటల తరబడి కొన్నిసార్లు రక్తం తీసి చూసే పరీక్ష ఉంది. అది హార్మోన్ల డాక్టరుగారి పర్యవేక్షణలో జరగాలి.

గ్రంథి వదిలిన హార్మోను కాలేయానికి వెళ్లి అక్కడ ఐ.జి.ఎఫ్. 1 అనే ఇంకో పదార్థాన్ని తయారు చేయిస్తుంది. కండ మీద, ఎముక మీద కనబడే పని చాలావరకు దీనిదే. ఐ.జి.ఎఫ్. 1 ఎక్కువైతే పైన మెదడుకు కబురు వెళ్లి ఉత్పత్తి తగ్గుతుంది.

యౌవనంలో ఈ హార్మోను శిఖరం మీద ఉంటుంది. ఆ తరువాత పదేళ్లకు సుమారు 14 శాతం చొప్పున తగ్గుతూ పోతుందని లెక్క. అరవై దాటినవారిలో చాలా తక్కువ. పొట్ట కొవ్వు ఉన్నవారిలో ఇంకా తక్కువ. ఇక్కడి నుండే వ్యాపారం మొదలయింది. "వయసుతో తగ్గేది ఇదీ, వయసుతో వచ్చేది నీరసం. తగ్గినదాన్ని నింపితే నీరసం పోతుంది" అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. తలవెంట్రుకల నలుపు కూడా వయసుతోనే తగ్గుతుంది. రంగు వేసుకున్నంత మాత్రాన ఎవరికీ మోకాళ్ల నొప్పి తగ్గలేదు కదా.

ఈ మందు వెనుక కథ

1958లో బోస్టన్ డాక్టరు మారిస్ రాబెన్ ఎదుగుదల లేని ఒక పదిహేడేళ్ల అబ్బాయికి మనిషి పీయూష గ్రంథి నుండి తీసిన హార్మోను ఇచ్చి పొడవు పెరిగేటట్టు చేశారు. ఆ రోజుల్లో చనిపోయినవారి గ్రంథుల నుండే దాన్ని తీసేవారు. అందుకని చాలా అరుదుగా దొరికేది. అమెరికాలో ఇరవై ఏళ్లకు పైగా సుమారు 7,700 మందికి, ఎక్కువగా పిల్లలకు, అలా ఇచ్చారు. 1985లో భయంకరమైన సంగతి బయటపడింది. ఆ ఇంజెక్షన్లు తీసుకున్న కొందరు యువకులు మెదడు క్షీణించే క్రాయిట్స్‌ఫెల్ట్ జాకబ్ జబ్బుతో చనిపోయారు. ఎవరి గ్రంథిలోనో ఉన్న వ్యాధి మందుతోపాటు వారికి చేరింది. వెంటనే దానిని ఆపేశారు. అదే సంవత్సరం ప్రయోగశాలలో తయారైన హార్మోనుకు అనుమతి వచ్చింది. దాంతో కొరత తీరింది. మందు ఎంత కావాలంటే అంత దొరికే సరికి, దానిని ఎవరికి వాడవచ్చు అన్న ఆలోచన ముసలివాళ్ల వైపు మళ్లింది.

1990 జూలైలో డాక్టరు డేనియల్ రుడ్‌మన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. 61 నుండి 81 ఏళ్ల మధ్య ఉన్న 21 మంది మగవారిలో 12 మందికి ఆరు నెలలు వారానికి మూడుసార్లు ఎదుగుదల హార్మోను ఇచ్చారు. వారిలో కొవ్వు 14.4 శాతం తగ్గింది, కొవ్వు కాని బరువు 8.8 శాతం పెరిగింది. ఇంకేముంది, ముసలితనానికి మందు దొరికిందని ప్రపంచమంతా చెప్పుకున్నారు. వారికి బలం పెరిగిందా, నడక మెరుగయిందా, మెట్లు ఎక్కగలిగారా అన్నది ఆ వ్యాసంలో లేదు. దానిని ప్రకటనల్లో వాడుకుంటున్న తీరును 2003లో ఆ పత్రిక సంపాదకుడే తప్పుపట్టి రాయవలసి వచ్చింది.

ముసలితనం పోగొట్టడానికని ఎదుగుదల హార్మోను ఇవ్వడం అమెరికా చట్టం ప్రకారం నేరం. అందుకని క్లినిక్కుల చూపు సెర్మోరెలిన్ మీద పడింది. ఇది హార్మోను కాదు, హార్మోనును విడుదల చేయించేది మాత్రమే అన్న వాదనతో. సెర్మోరెలిన్‌కు అక్కడ 1997లో అనుమతి వచ్చిన మాట నిజమే. అయితే అది ఎదుగుదల లేని పిల్లల కోసం. తయారు చేసే కంపెనీ 2008లో దానిని మానేసింది. మందు ప్రమాదకరమని మానలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. ఆ తరువాత అక్కడ దొరుకుతున్నది చీటీ చూసి మందు కలిపి ఇచ్చే దుకాణాలు తయారు చేసేది. ఒక కంపెనీ మందుకు జరిగే పరీక్షలన్నీ దానికి జరగవు. ఇపమోరెలిన్, సి.జె.సి. 1295 అయితే ఆ పాటి అనుమతి కూడా పొందినవి కావు. అలా కలిపి ఇవ్వడంలో భద్రతా సందేహాలున్న పదార్థాల జాబితాలో 2023లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ వాటిని చేర్చింది. ఇదే కుటుంబంలో టెసమోరెలిన్ అనే మందుకు 2010లో అనుమతి ఇచ్చారు. అది హెచ్.ఐ.వి. ఉన్నవారిలో పొట్ట లోపల పేరుకునే కొవ్వుకు. అలసటకు కాదు.

కండ పెరిగితే బలం పెరిగినట్టేనా?

మీరు జాగ్రత్తగా చదవవలసింది ఈ భాగం.

1996లో 70 ఏళ్లు పైబడిన 52 మంది మగవారి మీద ఆరు నెలల పరీక్ష జరిగింది. రుడ్‌మన్ చెప్పినట్టే కండ కొంచెం పెరిగింది, కొవ్వు తగ్గింది. బలం మాత్రం పెరగలేదు. రోజువారీ పనులు చేసుకునే శక్తీ పెరగలేదు. 2002లో 65 నుండి 88 ఏళ్ల మధ్య ఉన్న 131 మంది స్త్రీపురుషుల మీద 26 వారాలు పరీక్షించారు. అక్కడ హార్మోను తీసుకున్న మగవారిలో 18 మందికి షుగరు జబ్బో, దాని ముందు దశో కనబడింది. తీసుకోని మగవారిలో అలా అయినది ఏడుగురే. కీళ్ల నొప్పులు, కాళ్ల వాపు, చేతి మణికట్టు దగ్గర నరం నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కడం కూడా చూశారు. 2007లో అంతవరకు ఆరోగ్యవంతులైన వృద్ధులమీద జరిగిన పరీక్షలన్నీ కలిపి లెక్కవేశారు. సగటున కండ రెండు కిలోలు పెరిగింది, కొవ్వు రెండు కిలోలు తగ్గింది, అంతే. వాపులు, కీళ్ల నొప్పులు, షుగరు మటుకు మిగిలాయి. ఆ పెరిగిన కండలో కొంత భాగం ఒంట్లో నిలిచిన నీరేనని కూడా నిపుణులంటారు.

"అది హార్మోను సంగతి. ఇది మన సొంత గ్రంథి చేసే పని కదా, సహజం కదా" అంటారు. ఈ వాదనలో కొంత నిజం ఉంది. సెర్మోరెలిన్ ఇచ్చినప్పుడు "ఆపు" అనే సంకేతం పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి ఒంట్లో హార్మోను మరీ మితిమీరకుండా కొంత కట్టడి ఉంటుంది. అది పది ఇరవై నిమిషాల్లో రక్తంలో సగానికి తగ్గిపోతుంది. సాధారణంగా కనబడే ఇబ్బందులు సూది గుచ్చినచోట ఎర్రబారడం, ముఖం వేడెక్కడం, తలనొప్పి వంటివి. 2012లో అమెరికాలోని సియాటిల్‌లో 55 ఏళ్లు పైబడినవారికి టెసమోరెలిన్ 20 వారాలు ఇస్తే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షల్లో కొంత మెరుగుదల కూడా కనబడింది. ఇవి దాచవలసిన విషయాలు కావు.

కానీ అదే దారిలో సొంత గ్రంథినే తట్టే ఇంకొక మందును రెండేళ్లపాటు పరీక్షించారు. ఇది నోటితో తీసుకునే మాత్ర. ఫలితాలు 2008లో వచ్చాయి. 60 నుండి 81 ఏళ్ల వయసున్న 65 మంది పాల్గొన్నారు. వారి రక్తంలో ఎదుగుదల హార్మోను కుర్రవాళ్ల స్థాయికి చేరింది. అంటే మందు తాను చేస్తానన్న పని చేసింది. కండ కిలోకు కాస్త పైన పెరిగింది. బలం పెరగలేదు. లేచి నడిచే శక్తీ పెరగలేదు. పరగడుపు షుగరు మాత్రం డెసిలీటరుకు అయిదు మిల్లీగ్రాములు పెరిగింది. అదే మందును తుంటి ఎముక విరిగినవారికి ఇచ్చి చూసిన ఇంకొక పరీక్షను, గుండె నీరసించిన కేసులు ఎక్కువగా కనబడడంతో మధ్యలోనే ఆపేశారు. రక్తంలో అంకె కుర్రవాడిదైనా కాళ్లు ముసలివాడివే అయితే ఆ అంకెతో మనకేమి పని?

అయిదు మిల్లీగ్రాములు ఏపాటిదిలే అనుకోవద్దు. మన తెలుగు ఇళ్లలో షుగరు లేని కుటుంబం వెతకవలసి వస్తోంది. ఎదుగుదల హార్మోను ఇన్సులిన్ పనికి ఎదురు తిరుగుతుంది. ఉన్న షుగరును పెంచుతుంది, గడప దగ్గర ఉన్నవారిని లోపలికి లాగుతుంది. కంటి నరాలు షుగరుతో దెబ్బతిన్నవారికి ఇంకా ప్రమాదం. క్యాన్సరు ఉన్నవారు, చికిత్స పూర్తయి ఎక్కువ కాలం కానివారు ఈ ఇంజెక్షన్ల జోలికి పోనేకూడదు. ఎదుగుదల అన్నది కండకూ వస్తుంది, గడ్డకూ వస్తుంది.

దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశంలో కొన్ని కొండ గ్రామాలవారి కథ కూడా ఇక్కడ చెప్పాలి. అక్కడ పుట్టుకతోనే ఎదుగుదల హార్మోను పనిచేయని మరుగుజ్జులు వందమంది దాకా ఉన్నారు. ఏళ్ల తరబడి వారిని గమనించి 2011లో రాశారు. వారిలో షుగరు జబ్బు ఒక్కరికీ లేదు, క్యాన్సరు దాదాపు లేదు. అదే ఊళ్లలో మామూలు ఎత్తున్న వారి బంధువులకు రెండూ ఉన్నాయి. వయసుతో ఈ హార్మోను తగ్గడం మనకు నష్టమే అని అంత తేలికగా ఎలా చెప్పగలము?

నిజంగా లోపం ఉన్నవారు ఎవరు?

అమెరికా ఇంజెక్షను గురించి అడిగినవారిలో ఎవరికీ గ్రంథి జబ్బు లేదు. గ్రంథి జబ్బు ఉన్నవారు వచ్చి అడగరు. వారికి తెలియదు కనుక.

పీయూష గ్రంథిలో గడ్డ వచ్చినవారు, దానికి ఆపరేషనో రేడియేషనో అయినవారు, తలకు బలమైన దెబ్బ తగిలినవారు, వీరికి గ్రంథి దెబ్బతింటుంది. మన పల్లెల్లో ఇంకొక కారణం రక్తపింజర కాటు. దాని విషం రక్తాన్ని పాడుచేసి కొందరిలో ఈ చిన్న గ్రంథినీ చంపేస్తుంది. పాము కాటు నుండి బతికి బయటపడిన మనిషి నెలలు, ఏళ్లు గడిచాక కూడా కోలుకోకపోతే ఈ సంగతి గుర్తుకు రావాలి.

అన్నిటికంటే ఎక్కువగా నేను చెప్పదలచుకున్నది తల్లుల గురించి. గర్భం సమయంలో ఈ గ్రంథి పెరుగుతుంది. దానికి చేరే రక్తం మాత్రం అంతంతమాత్రమే. కాన్పులో విపరీతంగా రక్తం పోయి బి.పి. పడిపోతే గ్రంథికి రక్తం అందక చచ్చిపోతుంది. 1937లో డాక్టరు షీహన్ దీనిని వివరించారు కాబట్టి షీహన్ జబ్బు అంటారు. ఆసుపత్రి కాన్పులు పెరిగాక తగ్గింది గాని, ఇంటి కాన్పుల రోజుల తల్లులు ఇంకా మన మధ్యే ఉన్నారు. కాశ్మీరు లోయలో 2005లో ప్రచురించిన లెక్క ప్రకారం, 20 ఏళ్లు దాటి పిల్లలను కన్న స్త్రీలలో ఇంచుమించు 3 శాతం మందికి ఈ జబ్బు ఉంది. వారిలో ఎక్కువమంది ఇంట్లోనే ప్రసవించినవారు.

మన వార్డుకు అలాంటి ఒక తల్లిని జ్వరంతో, స్పృహ లేకుండా తీసుకొచ్చారు. నలభై ఏడేళ్లుంటాయి, చూస్తే అరవై. ముఖం పాలిపోయి ఉంది, చర్మం కాగితంలా ఉంది. షుగరు పడిపోయింది, ఒంట్లో ఉప్పు పడిపోయింది. అత్తగారిని కూర్చోబెట్టి అడిగితే కథంతా బయటికి వచ్చింది. చిన్నవాడు పుట్టినప్పుడు ఇంట్లోనే రక్తం గుడ్డలు గుడ్డలుగా పోయిందట. ఆ బిడ్డకు ఒక్క చుక్క పాలు పడలేదట. మరి నెలసరి రానే లేదట. "అప్పటి నుంచి మనిషి తేరుకోలేదమ్మా, చలికి వణుకుతుంది, పనికి లేవలేదు, సోమరిదని అనుకున్నాము" అంది ఆ పెద్దావిడ. పద్దెనిమిది ఏళ్లు ఆమె తాగిన టానిక్కులు లెక్కలేనన్ని. ఎక్కడో థైరాయిడు తక్కువని చూసి ఆ మాత్ర ఒక్కటే రాశారు. దానితో ఇంకా దిగజారింది.

నర్సింగు పిల్లలకు ఇక్కడ ఎప్పుడూ చెప్పే మాట ఒకటి ఉంది. గ్రంథి మొత్తం పోయినవారికి ముందు స్టెరాయిడు అందాలి. అది అందాకే థైరాయిడు మాత్ర. వరస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరుగారు హైడ్రోకార్టిజోన్ సెలైనులో ఎక్కించారు. మర్నాడు సాయంత్రానికి ఆ తల్లి లేచి కూర్చుని కాఫీ అడిగింది. అత్తగారు మంచం పట్టె పట్టుకుని ఏడ్చేసింది. ఆమెకు ఇప్పుడు నడుస్తున్నవి రెండు రకాల చవక మాత్రలు. ఎదుగుదల హార్మోను లోపం ఆమెకూ ఉంది, అదీ నిజమైన లోపం. అలాంటి పెద్దవారికి ఆ హార్మోను ఇవ్వడానికి అమెరికాలో 1996 నుండి అనుమతి ఉంది, ఇచ్చినవారికి మేలూ జరుగుతుంది. అది చాలా ఖరీదు గనుక, హార్మోన్ల డాక్టరుగారు తూచి చెప్పవలసిన విషయం. ప్రాణం నిలబెట్టేవి ముందు ఆ చవక మాత్రలే. సెర్మోరెలిన్ ఆమెకు ఎందుకూ కొరగాదు. తట్టి లేపడానికి గ్రంథి మిగలాలి కదా.

మీ ఇంట్లో అమ్మకో అత్తగారికో కాన్పులో రక్తం బాగా పోయి, పాలు పడక, నెలసరి తిరిగి రాక, చంకలో వెంట్రుకలు రాలిపోయి, ఏళ్ల తరబడి నీరసం ఉంటే ఉదయం ఎనిమిది గంటలకు ఏమీ తినకుండా తీసుకురండి. కార్టిజోల్, థైరాయిడు పరీక్షలతో సంగతి చాలావరకు తెలుస్తుంది.

మరి గ్రంథి బాగున్నా కాళ్లలో సత్తువ లేనివారు?

రుడ్‌మన్ వ్యాసం వచ్చిన 1990లోనే, దానికి నెల ముందు, బోస్టన్ వృద్ధాశ్రమం నుండి ఇంకొక వ్యాసం వచ్చింది. డాక్టరు మరియా ఫియటరోన్ బృందం 86 నుండి 96 ఏళ్ల మధ్య ఉన్న పదిమంది బలహీనుల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. తొంభై ఏళ్లవారి చేత బరువులు! వారి తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. 1994లో అలాంటి వందమంది మీద మళ్లీ చేసి చూస్తే వ్యాయామంతో బలం వచ్చింది. వ్యాయామం లేకుండా బలవర్ధక పానీయం ఒక్కటే ఇచ్చినవారికి రాలేదు. ఈ వ్యాసాన్ని ఎవరూ సీసాలో పోసి అమ్మలేకపోయారు. అందుకే దాని పేరు మీరు వినలేదు.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష చెబుతాను. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి. చేతులు గుండె మీద కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోండి, ఎవరినైనా గడియారం చూడమనండి. 12 సెకన్లు, ఆ పైన పట్టిందా, ఆసియా నిపుణులు 2019లో పెట్టుకున్న లెక్క ప్రకారం కండ తగ్గుదల ఉందేమో డాక్టరుగారికి చూపించుకోవాలి. అలా లేచి కూర్చోవడమే మందు కూడా. రోజు విడిచి రోజు, ఎనిమిది పదిసార్లు చొప్పున రెండు మూడు విడతలు చేయండి. మొదట చేతుల సాయం తీసుకోండి, ఫర్వాలేదు. తేలికయ్యాక రెండు చేతులతో నీళ్ల సీసాలు పట్టుకుని లేవండి. గుండె జబ్బు ఉన్నవారు, ఈమధ్యే ఆపరేషన్ అయినవారు అడిగి మొదలుపెట్టాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఆపాలి. ఉదయపు నడక మంచిదే గాని నడక ఒక్కటే తొడలకు ఈ బలం ఇవ్వదు.

తిండి సంగతి. పెద్దవారికి కిలో బరువుకు 1 నుండి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. యాభై కిలోల మనిషికి రోజుకు 50 నుండి 60 గ్రాములు. మన పెద్దవాళ్లు తినేది చూస్తే గుండె తరుక్కుపోతుంది. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం. ముక్కలన్నీ పిల్లలకు. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటాయి, గ్లాసు పాలలోనూ అంతే. గిన్నెడు ముద్దపప్పు, సెనగల గుగ్గిళ్లు, చేప ముక్క, ఇవి మూడు పూటలా సర్దుకుని రావాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరుగారిని అడగకుండా పెంచకూడదు.

ఇంకొకటి. నీరసమని వచ్చిన పెద్దవారిలో మాకు ఎక్కువగా దొరికేవి రక్తహీనత, థైరాయిడు, బి-12 లోపం, అదుపు తప్పిన షుగరు, ఎవరికీ చెప్పుకోని దిగులు. ముందు ఇవి చూడాలి.

ఇప్పటికే సీసాలు ఉన్నవారికి

దాచుకోకండి, మందలించము. అయితే ఈ జాగ్రత్తలు తెలియాలి. ఆన్‌లైనులో కొన్న సీసా మీద "పరిశోధనకు మాత్రమే" అని చిన్న అక్షరాలతో ఉంటే అది మనుషుల కోసం తయారైన మందు కాదు. పారవేయండి. పొడిమందులో కలపమని ఇచ్చే నీరు, సూక్ష్మజీవులు పెరగకుండా మందు కలిపిన ప్రత్యేకమైన నీరు. దానికి బదులు మన మందుల షాపులో దొరికే మామూలు ఇంజెక్షను నీళ్ల యాంపుల్‌తో కలిపి వారాల తరబడి వాడితే చీము గడ్డలు వస్తాయి. కరెంటు పోయే ఊళ్లలో ఫ్రిజ్జు సంగతి చెప్పనక్కరలేదు. దంపతులిద్దరూ ఒకే సూది వాడడం కూడా విన్నాను. అది ఎన్నటికీ పనికిరాదు.

సిరంజి తేడా మరీ ముఖ్యం. అమెరికాలో వాడేది మిల్లీలీటరుకు 100 యూనిట్ల సిరంజి, నారింజ రంగు మూత. మన దగ్గర ఇన్సులిన్ సీసాలకు వాడేది ఎక్కువగా 40 యూనిట్ల సిరంజి, ఎర్ర మూత. అక్కడి చీటీలో "పది యూనిట్లు" అని ఉంటే అక్కడి సిరంజిలో అది మిల్లీలీటరులో పదో వంతు. ఇక్కడి ఎర్ర మూత సిరంజిలో అదే పది గీతల దాకా లాగితే పావు మిల్లీలీటరు, అంటే రెండున్నర రెట్లు. ఇన్సులిన్‌లో ఈ పొరపాటు జరిగితే మనిషి పడిపోతాడు. పెద్దాయన షుగరుకు వాడే సిరంజితోనే ఇదీ వేసుకుంటున్నారని తెలిసినప్పుడు మా స్టాఫంతా ఉలిక్కిపడ్డాము.

వాడుతున్నవారికి వేళ్లు తిమ్మిరెక్కినా, కాళ్లు వాచినా, దాహం, మూత్రం ఎక్కువైనా ఆగకుండా రండి. చూపు మసకబారితే అదే రోజు రావాలి. పరగడుపు షుగరు, మూడు నెలల సగటు షుగరు పరీక్షలు చేస్తాము. వచ్చేటప్పుడు చీటీ, సీసా, మీరు వాడే సిరంజి మూడూ సంచిలో వేసుకుని తీసుకురండి. సిరంజి మూత రంగు చూడనిదే మీరెంత మందు వేసుకుంటున్నారో మేము చెప్పలేము.